నేరం గేరుబాక్సుదేనా?

కారు నడపడం నేర్చుకున్న ఆడవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. స్టీరింగు తిప్పడం పెద్ద కష్టం కాదంటారు. బ్రేకు సంగతి సరేసరి, భయం వేసిందంటే కాలు దానంతట అదే దాని మీదకి పోతుంది. మరి కళ్ళనీళ్ళు ఎక్కడొచ్చాయమ్మా అంటే, అందరిదీ ఒకటే మాట: "గేర్ల దగ్గర." ఎడంకాలితో క్లచ్చి తొక్కాలి, ఎడంచేత్తో గేరు మార్చాలి, ఆ వేళకి కుడికాలు యాక్సిలరేటరు మీద సరిగ్గా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా నాలుగు రోడ్ల కూడలిలో బండి టక్కున ఆగిపోతుంది. వెనకనించి లారీవాడు హారను మోగిస్తాడు. ఇంటికొచ్చాక మావారు, "అంత చిన్న పని రాదేమిటోయ్" అంటారు.

అది చిన్న పనేం కాదండీ. ఆ పని చెయ్యలేక ఒకప్పుడు మగవాళ్ళు కూడా చెమటలు కక్కారు. ఆ బాధ తప్పించడానికి పెద్ద పెద్ద ఇంజనీర్లు సంవత్సరాల తరబడి బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. వాళ్ళ కథ తెలుసుకుంటే, గేరుబాక్సు మార్పించిన బండి ఎందుకు మొరాయిస్తుందో కూడా మనలాంటి వాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

అసలు గేర్లెందుకు? పెట్రోలు ఇంజనుకి ఒక బలహీనత వుంది. అది వేగంగా తిరుగుతుంటేనే దానికి బలం. మెల్లిగా తిరిగిందా, నీరసించి ఆగిపోతుంది. కాని బండి బయలుదేరేటప్పుడు చక్రాలు మెల్లిగానే తిరగాలి కదా! అందుకని ఇంజను వేగంగా, చక్రాలు నింపాదిగా తిరిగే ఏర్పాటు కావాలి. ఆ మధ్యవర్తిత్వం చేసేదే గేరుబాక్సు. తొలి రోజుల కార్లలో ఒక పళ్ళచక్రాన్ని జరిపి, తిరుగుతున్న ఇంకో పళ్ళచక్రంలోకి దూర్చాలి. రెండింటి వేగం కలవకపోతే కరకరమని వీధి చివరిదాకా వినబడే చప్పుడు. అది రాకుండా వుండాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కే విద్య నేర్చుకోవాలి.

1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో ఈ చప్పుడికి ఒక మందు వచ్చింది. పళ్ళు కలిసే ముందే రెండు చక్రాల వేగాన్ని సమానం చేసే సింక్రోమెష్ అనే ఏర్పాటు అది. దాని రూపకర్త ఎర్ల్ థాంప్సన్. ఆయన అక్కడితో ఆగలేదు. చప్పుడు పోయింది సరే, అసలు ఆ తొక్కడమూ మార్చడమూ కూడా ఎందుకు అనుకున్నాడు. జనరల్ మోటార్స్ సంస్థలో ఆయన నాయకత్వంలో ఇంజనీర్ల బృందం ఏళ్ళపాటు శ్రమపడింది. 1939 చివర్లో, 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే గేరుబాక్సు బయటికొచ్చింది. దానికి నాలుగు గేర్లు. మార్చేవాళ్ళు అక్కర్లేదు. క్లచ్చి పెడలే లేదు!

లోపల ఏముంది? రెండు బల్లఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని వెయ్యండి. దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలికి బదులు నూనె, ఆ రెండు ఫ్యాన్లనీ మూసేసిన ఒక డబ్బా వుందనుకోండి. ఇంజను ఒక ఫ్యానుని తిప్పుతుంది, నూనె తాకిడికి రెండోది తిరుగుతుంది. బండి ఆగినా ఇంజను ఆగదు. నూనె మధ్యలో జారుతుంది, అంతే. ఈ ఉపాయం కనిపెట్టినవాడు హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు. 1905లో ఆయన దానికి పేటెంటు తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల కోసం.

ఆ డబ్బా వెనక గ్రహాల గేర్లు. మధ్యలో సూర్యుడనే పళ్ళచక్రం, చుట్టూ తిరిగే గ్రహాలు, వాటిని చుట్టి బయట ఒక కంకణం. ఇందులో ఒకదాన్ని కదలకుండా పట్టుకుంటే ఒక వేగం, ఇంకోదాన్ని పట్టుకుంటే ఇంకో వేగం. పళ్ళు ఎప్పుడూ కలిసే వుంటాయి కనక కరకరలుండవు. ఫోర్డు వారి మోడల్ టి కారులో 1908 నించే ఇలాంటి గేర్లుండేవి. కాకపోతే వాటిని పట్టుకోవడం, వదలడం డ్రైవరు కాళ్ళ పని. హైడ్రామాటిక్‌లో ఆ పని నూనె ఒత్తిడిది.

ఇంతవరకూ బాగానే వుంది. కాని ఎప్పుడు గేరు మార్చాలో ఆ పెట్టెకి ఎవరు చెబుతారు? అసలు గొప్పదనం అక్కడుంది.

ఆ పెట్టెకి ఇద్దరు వార్తాహరులు. ఒకడు చక్రాల వైపు నించి వస్తాడు. బండి వేగం పెరిగేకొద్దీ వాడు తెచ్చే నూనె ఒత్తిడి పెరుగుతుంది. వాడి పేరు గవర్నరు. రెండోవాడు మన పాదం దగ్గర్నించి వస్తాడు. యాక్సిలరేటరు ఎంత గట్టిగా తొక్కితే వాడి ఒత్తిడి అంత ఎక్కువ. ఈ ఇద్దరూ ఒక సన్నటి లోహపు కడ్డీని చెరోవైపు నించీ నెడతారు. గవర్నరు నెగ్గితే పై గేరు పడుతుంది. పాదం నెగ్గితే, "అమ్మగారికి ఇంకా బలం కావాలిట, ఆగు" అని కింది గేరులోనే వుంటుంది. మెల్లిగా తొక్కితే గేర్లు త్వరగా మారడం, గట్టిగా తొక్కితే ఆలస్యంగా మారడం ఇందుకే. కంప్యూటర్లు లేని కాలంలో నూనె, స్ప్రింగులు, కడ్డీలతోనే ఇంత ఆలోచన చేయించారంటే ఆశ్చర్యం కాదూ!

తరవాత యుద్ధం వచ్చింది. ఎం5 స్టూవర్ట్ అనే తేలికపాటి అమెరికన్ టాంకులో రెండేసి కాడిలాక్ ఇంజన్లు, వాటికి హైడ్రామాటిక్ గేరుబాక్సులు పెట్టారు. యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికుల కోసం ఓల్డ్స్‌మొబైల్ వారు వేలియంట్ అనే పథకం పెట్టి, క్లచ్చితో పనిలేని ఈ కార్లని వాళ్ళు నడుపుకునేలా అమర్చి ఇచ్చారు. మనం విలాసం అనుకునే ఈ సౌకర్యం, ఒంటికాలితో ఇల్లు చేరిన ఒక కుర్రవాడికి మళ్ళీ తన బతుకు తను బతికే దారి చూపించింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

ఇక అసలు విషయానికొస్తాను. ఒక బండికి అలవాటైన గేరుబాక్సు తీసేసి ఇంకోటి పెడితే ఏమవుతుంది? ఈ ప్రశ్న ఒక ఏడాది వేలాది కార్ల విషయంలో ఒకేసారి వచ్చింది.

1953 ఆగస్టు 12న డెట్రాయిట్ పక్కనున్న లివోనియాలో హైడ్రామాటిక్ ఫ్యాక్టరీకి నిప్పంటుకుంది. వెల్డింగు పనిలో లేచిన నిప్పురవ్వ అంత పెద్ద కట్టడాన్నీ బూడిద చేసింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. లోపల మంటల్ని ఆపే అడ్డుగోడలు లేవు. పైకప్పు మీది తారు కరిగి కింద పడుతూ మంటని ఇంకా పెంచింది. అప్పటిదాకా అమెరికా చూసిన అగ్నిప్రమాదాల్లో, ఫ్యాక్టరీల వరకూ, అంత పెద్ద నష్టం ఇంకోటి లేదన్నారు. కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ కార్లన్నిటికీ గేరుబాక్సులు అక్కడినించే రావాలి. ఆఖరికి పోటీదారైన ఫోర్డు వారి లింకన్ కారుకి కూడా!

అప్పుడు వాళ్ళు చేసిన పని చూడండి. యుద్ధకాలంలో బాంబర్ విమానాలు తయారుచేసిన విల్లో రన్ ఫ్యాక్టరీని తీసుకుని, సుమారు మూడు నెలల్లో మళ్ళీ ఉత్పత్తి మొదలెట్టారు. ఈలోపు కార్లు ఆగకుండా కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లకి బ్యూయిక్ వారి డైనాఫ్లో పెట్టారు. పాంటియాక్‌కి షెవ్రొలే వారి పవర్‌గ్లైడ్ పెట్టారు. పక్కింటి పొయ్యి మీద మన వంట అన్నమాట.

అయితే ఆ పొయ్యిల తీరు వేరు. హైడ్రామాటిక్ నాలుగు గేర్లు మారుతుంది, మారినప్పుడల్లా ఒంటికి తెలుస్తుంది. డైనాఫ్లో డ్రైవ్‌లో వుండగా గేరే మారదు. అంతా నూనె జారుడు మీదే నడుస్తుంది. ప్రయాణం వెన్నలా వుంటుంది కాని, కదలడంలో బద్ధకం. పవర్‌గ్లైడ్‌కి రెండే గేర్లు. నాలుగు కుదుపులకి అలవాటుపడ్డ మనిషి డైనాఫ్లో కారెక్కితే, "గేర్లు పడటం లేదు, పెట్టె చెడిపోయింది" అనుకోవచ్చు. చెడిపోలేదు, దాని స్వభావం అది. గేరుబాక్సు మార్చిన బండి దగ్గర వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఇది జబ్బా, స్వభావమా?

రెండో ప్రశ్న, నూనె ఏది? మన వంటల్లో పప్పునూనె పడాల్సిన చోట ఆముదం పోస్తే ఏమవుతుందో ఇక్కడా అంతే. ఈ నూనె జారాలి, పట్టాలి, ఒత్తిడి మొయ్యాలి, వేడినీ మొయ్యాలి. చాలాకాలం దీనిలో స్పెర్మ్ వేల్ అనే పెద్దతల తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో ఆ తిమింగలాలని కాపాడటానికి అమెరికా దాని నూనెని నిషేధించింది. రసాయన శాస్త్రజ్ఞులు హడావిడిగా ప్రత్యామ్నాయాలు వెతుక్కోవలసి వచ్చింది. నూనెల్లో కంపెనీ భేదాలు కూడా వుండేవి. ఫోర్డు వారి టైప్ ఎఫ్ నూనెకి పట్టు ఎక్కువ, గేరు ఠపీమని పడేది. జనరల్ మోటార్స్ వారి డెక్స్‌రాన్‌కి నునుపు ఎక్కువ. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే కొత్త గేరుబాక్సు కూడా కుదుపులో, జారుడో చూపిస్తుంది. నేరం ఎవరిది? పోసినవాడిది.

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం: ఆ వార్తాహరులు సరిగ్గా వస్తున్నారా? ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, కళ్ళారా చూసింది.

1993 శీతాకాలంలో మరదలి పురుటికని నేను డెట్రాయిట్ దగ్గర మా తమ్ముడింటికి వెళ్ళాను. అమ్మకి అంత ప్రయాణం చేసే ఓపిక లేక నన్ను పంపింది. తమ్ముడిది చిన్న ఉద్యోగం, సెకండ్‌హాండ్ కారు. నేను వెళ్ళిన వారానికే దాని గేరుబాక్సు పోయింది. దాచుకున్న డబ్బంతా తీసి, ఒక షెడ్డులో బాగుచేసిన గేరుబాక్సు వేయించాడు. మూడోరోజుకి బండి ఒకటో గేరు నించి రెండుకి మారేటప్పుడు ఇంజను గోలగా అరవడం, బండి మాత్రం ఇసకలో ఈడ్చినట్టు కదలడం. షెడ్డువాడు, "పెట్టెలోనే లోపం. విప్పి మళ్ళీ వెయ్యాలి, కూలి వేరే ఇవ్వాలి" అన్నాడు. బయట మోకాల్లోతు మంచు. ఆసుపత్రి పదిహేను మైళ్ళు. మరదలికి నెలలు నిండాయి. ఆ పిల్ల రాత్రిపూట నా పక్కన పడుకుని, "వదినా, నడిరోడ్డు మీద ఆగిపోతే?" అనేది. నేను ధైర్యం చెప్పేదాన్ని గాని, కిటికీలోంచి ఆ కారుని చూస్తే నాకూ గుండె దడే.

వీధి చివర ఒక ముసలాయన వుండేవాడు. జీవితమంతా గేరుబాక్సులతో గడిపి రిటైరైన మనిషి. తమ్ముడు వెళ్ళి బతిమాలితే కోటు తొడుక్కుని వచ్చాడు. ఆయన గేరుబాక్సు జోలికే పోలేదు. ఇంజను వేడెక్కేదాకా నడిపించి, నడుస్తుండగానే నూనె కొలిచే పుల్ల బయటికి లాగాడు. తెల్లకాగితానికి అద్ది రంగు చూశాడు, వాసన చూశాడు. ఎర్రగా వుంది, మాడువాసన లేదు, కొలత సరిపోయింది. నల్లగా వుండి మాడువాసన వేస్తే లోపలి పట్టీలు కాలినట్టుట. పాలు కలిపినట్టు గులాబీరంగులో వుంటే రేడియేటరు నీళ్ళు అందులో కలిసినట్టుట. ఆ రెండూ కాదు.

తరవాత ఇంజను ఆపించి, తమ్ముణ్ణి యాక్సిలరేటరు చివరిదాకా తొక్కమన్నాడు. తను పైమూత ఎత్తి చూశాడు. ఇంజను దగ్గర్నించి గేరుబాక్సులోకి వెళ్ళే ఒక తీగ బట్టలారేసే తాడులా వేలాడుతోంది. "ఇదే!" అన్నాడు. పాదం సంగతి పెట్టెకి చేరవేసే తీగ అది. షెడ్డువాళ్ళు కొత్త పెట్టె బిగించారు గాని ఈ తీగని సరిచెయ్యలేదు. నువ్వెంత తొక్కినా, "మెల్లిగా తొక్కుతున్నారు" అనే దానికి అందుతోంది. అందుకని గేర్లు ముందే పడుతున్నాయి. లోపల నూనె ఒత్తిడి తక్కువై, పట్టీలు పట్టీ పట్టక జారుతున్నాయి. పది నిముషాల్లో తీగ బిగించాడు. ఇంకో వంద మైళ్ళు ఇలాగే తిప్పితే పట్టీలు కాలి, పెట్టె నిజంగానే పోయేదన్నాడు. వెళ్ళేటప్పుడు ఒక మాట అన్నాడు: "పెట్టె మంచిదే. దానికి కబురు అందలేదు, అంతే."

మరదల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ బండిలోనే. దారిలో ఒక్క కుదుపు లేదు. ఆడపిల్ల పుట్టింది.

ఆయన దగ్గరే ఇంకొన్ని సంగతులు అడిగి తెలుసుకున్నాను. ఆ తీగ మరీ బిగుతుగా వుంటే జబ్బు తలకిందులవుతుంది: గేర్లు ఆలస్యంగా, దెబ్బ కొట్టినట్టు పడతాయి. కొన్ని పాత బళ్ళలో తీగకి బదులు ఇంజను గాలి పీల్చుకునే బలాన్ని ఒక రబ్బరుగొట్టం మోసుకొస్తుంది. ఆ గొట్టం చిట్లినా ఇదే ఆలస్యం, ఇదే కుదుపు. దాని చివర బుడ్డిలోని పొర చిరిగితే ఇంజను గేరునూనెని పీల్చి కాల్చేస్తుంది. కింద చుక్క కారదు, నూనె మాత్రం తగ్గిపోతుంది, వెనక తెల్లపొగ వస్తుంది. గవర్నరు ఇరుక్కుపోతే బండి కింది గేరులోనే అరుస్తూ వుంటుంది. పాత పెట్టె పోయినప్పుడు అందులోని లోహపు రజను నూనె చల్లార్చే గొట్టాల్లో చేరుతుంది. వాటిని కడక్కుండా కొత్త పెట్టె బిగిస్తే, ఆ రజనే దాన్నీ తినేస్తుంది. పాత ఇంటి జబ్బు కొత్తదానికి అంటుకుందన్నమాట.

గేరు కడ్డీ మీది అక్షరాలు కూడా చూసుకోవాలి. కడ్డీ "డి" దగ్గర వున్నా లోపలి మీట సగంలో ఆగితే గేరు సగమే పడుతుంది. తొలి హైడ్రామాటిక్‌లలో వెనక్కి వెళ్ళే గేరు, లో గేరు పక్కపక్కనే వుండేవి. ముందుకి పోదామనుకుంటే బండి వెనక్కి పోయే ప్రమాదం. 1968 నించి అమెరికాలో ముందుకీ వెనక్కీ మధ్య న్యూట్రల్ తప్పనిసరి అని చట్టం చేశారు.

కాలం మారింది. 1980ల నించి తీగలూ గొట్టాలూ పోయి వాటి చోట కరెంటు తీగలూ కంప్యూటర్లూ వచ్చాయి. వార్తాహరులు మారారు గాని వార్తలు అవే: వేగమెంత, పాదమెంత? పైగా ఈ కంప్యూటరు పాత పెట్టె అరిగిన తీరుని బట్టి ఎక్కడ ఎంత ఒత్తిడి కావాలో నేర్చుకుని గుర్తుపెట్టుకుంటుంది. కొత్త పెట్టె పెట్టినా, పాతదానికి అలవాటైన లెక్కలే దాని మీద రుద్దుతుంది. ఆ పాత జ్ఞాపకాలు తుడిచి, మళ్ళీ మొదటినించీ నేర్పితే తప్ప కుదుపులు పోవు. ఇది విన్నప్పుడు నాకు కొన్ని ఇళ్ళూ, ఆ ఇళ్ళలో "మా పెద్దకోడలైతేనా" అనే మాటలూ గుర్తొచ్చాయి. మీకూ గుర్తొచ్చే వుంటాయి.

మన దేశంలో ఈ సౌకర్యం మామూలు ఇళ్ళకి ఆలస్యంగా చేరింది. 2014లో మారుతి సెలేరియోతో, మామూలు గేరుబాక్సుకే యంత్రం క్లచ్చి తొక్కిపెట్టే చవక రకం వచ్చాక, మన వీధుల్లో క్లచ్చి లేని బళ్ళు బాగా పెరిగాయి. వాటిలో గేరు మారేటప్పుడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. చాలామంది కంగారుపడి షెడ్డుకి పరిగెడతారు. అది జబ్బు కాదు, స్వభావం. నూనె ఫ్యాన్ల రకం వేరు, ఈ రకం వేరు.

గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అని మనవాళ్ళకి ఒక లెక్క వుంది. కొత్తది అడుగుపెట్టాక ఏది తేడా వచ్చినా దాని నెత్తినే పడుతుంది. మెకానిక్కులకీ ఆ లెక్క బాగా అలవాటే. మళ్ళీ విప్పితే మళ్ళీ డబ్బు కదా! కనక మీ ఇంట్లో బండికి గేరుబాక్సు మార్చాక ఏదైనా తేడా వస్తే, "విప్పెయ్యండి" అనకముందు వరసగా అడగండి. ఇది దీని స్వభావమేమో చూశారా? నూనె రకం సరైనదేనా, కొలత చాలినంత వుందా? మీట పూర్తిగా పడుతోందా? తీగ, గొట్టం, కరెంటు తీగలు కబురు తెస్తున్నాయా? గొట్టాలు కడిగారా? కంప్యూటరుకి మళ్ళీ నేర్పారా? ఇవన్నీ అయ్యాకే పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వండి.

ఈ ప్రశ్నలు ఆడమనిషి నోట వింటే మెకానిక్ ఒక్క నిముషం తెల్లబోతాడు. పరవాలేదు, తెల్లబోనివ్వండి. ఆ నిముషంలోనే అతను వంగి తీగ వంక చూస్తాడు.